ఒకే పేరు, పలు రకాలు : మేత పశువుల పేగుల్లోని హానికర సూక్ష్మక్రిములు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాల సంఘాల సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశమంటే వెన్న శాతం గురించి, దాణా ధర గురించి, బిల్లుల చెల్లింపు గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈ రోజు మాకు అప్పగించిన విషయం వేరు. మేతకు పోయే పశువుల పేగుల్లో ఉండే హానికరమైన సూక్ష్మక్రిములు ఎన్ని రకాలు, ఆ రకాల తేడా తెలుసుకుంటే మనకు ఒరిగేదేమిటి అన్నది విషయం. వినగానే ఇది ప్రయోగశాలల వాళ్ల పని, మనకెందుకు అనిపించవచ్చు. కాని రాత్రి బాగా మేసిన గొర్రె తెల్లవారేసరికి దొడ్డిలో చచ్చి పడి ఉండడానికీ, పుట్టిన దూడ మూడో నాడే తెల్లగా పారుకుని పోవడానికీ, క్యాను పాలు పులిసి వెనక్కి రావడానికీ కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పాల సంఘంలో గొర్రెల మాట ఎందుకని కొందరు అడగవచ్చు. మన మూడు జిల్లాల్లో కేంద్రానికి పాలు పోసే ఇళ్లు చాలావాటిలో రెండు బర్రెలతోపాటు జీవాలు కూడా ఉంటాయి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 90 లక్షలు. దేశంలో మనదే మొదటి స్థానం. అమ్రాబాద్, అచ్చంపేట వైపు పొడ తూర్పు ఆవులు నల్లమల అంచుల్లో మేసి వస్తాయి. 2020లో ఆ జాతికి దేశీయ పశుజాతుల జాబితాలో చోటు దక్కింది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలోనేమో కోతలయిన చేలల్లో మందలు తిరుగుతాయి. జూరాల కాలువల కింద వరి మళ్లు ఖాళీ కాగానే బర్రెలు, గొర్రెలు, మేకలు ఒకే మడిలో దిగుతాయి, ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. ఒకదాని పెండ మీద మొలిచిన గడ్డిని ఇంకొకటి కొరుకుతుంది. అందువల్ల పేగుల్లోని సూక్ష్మక్రిములకు బర్రె, గొర్రె అనే భేదం మనం అనుకున్నంతగా లేదు. ఈ ఇంటి దొడ్డిదీ పక్కింటి దొడ్డిదీ అన్న హద్దు అసలే లేదు.

మీకు బాగా తెలిసిన జబ్బుతోనే మొదలుపెడతాము. చిటుక రోగం. చిటికె వేసేంతలో జీవి పోతుంది కనుక ఆ పేరు వచ్చింది. కొన్ని చోట్ల దీన్నే నెత్తి పిడుగు అంటారు. ఆ పేరు పెట్టిన కాపరి జబ్బు లక్షణాన్ని మాకంటే బాగా చెప్పాడు. వానలు పడి పచ్చిక లేవగానే, లేదా వేరుశనగ, మక్క చేలు కోసిన తరువాత రాలిన గింజలు తిన్నప్పుడు ఇది వస్తుంది. మందలో బక్కచిక్కినదాన్ని వదిలి, బాగా తిని బలిసిన దాన్నే ముందుగా పట్టుకుంటుంది. అందుకే చూసినవాళ్లు దిష్టి తగిలిందంటారు, ఎవరో మందు పెట్టారంటారు. ఒకే ఊళ్లో రెండు కుటుంబాలు ఈ అనుమానంతో మాటలు మానేయడం కూడా కద్దు.

నిజానికి ఆ మందు బయటి నుంచి రాలేదు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మక్రిమి ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లో కూడా ఉంటుంది, నేలలో ఉంటుంది, పెండలో ఉంటుంది. మామూలు రోజుల్లో దాని సంఖ్య తక్కువ. అది తయారు చేసే కొద్దిపాటి విషం పేగుల కదలికతో పాటే బయటికి కొట్టుకుపోతుంది. గొర్రె ఒక్కసారిగా గింజలో, లేత పచ్చికో కడుపునిండా తిన్నప్పుడు అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి జారుతుంది. ఆ విందు దొరికిన సూక్ష్మక్రిమి గంటల్లో వేలు లక్షలుగా పెరుగుతుంది. అది విడిచే విషం పేరు ఎప్సిలాన్. విచిత్రమేమిటంటే, విడిచినప్పుడు అందులో అంత బలం ఉండదు. తిండిని అరిగించడానికి గొర్రె శరీరం తయారు చేసుకునే ట్రిప్సిన్ అనే రసమే దాన్ని పదును పెడుతుంది. ఆ పైన విషం పేగు గోడను దాటి నెత్తురులో కలిసి మెదడుకూ మూత్రపిండాలకూ చేరుతుంది. జీవి మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని పడిపోతుంది. మందు తెచ్చేంత వ్యవధి ఉండదు.

ఇక రకాల సంగతి. ఊళ్లో ఒకే ఇంటిపేరు గలవాళ్లు వందమంది ఉంటారు. అందులో ఒకరు సేద్యం చేస్తారు, ఒకరు బడిలో చెప్తారు, ఒకరు తగాదాలకు పోతారు. ఇంటిపేరు చూసి మనిషిని నిర్ణయించలేము. సూక్ష్మక్రిముల్లోనూ అంతే. పెర్‌ఫ్రింజెన్స్ అన్న ఒక్క పేరు కింద, అవి చేసే విషాలను బట్టి శాస్త్రజ్ఞులు చాలాకాలం ఎ, బి, సి, డి, ఇ అని 5 రకాలుగా లెక్కించారు. 2018లో ఎఫ్, జి అని మరి రెండు చేర్చి 7 చేశారు. ఆల్ఫా విషం అన్నింటిలోనూ ఉంటుంది. దానికి ఎప్సిలాన్ తోడైతే డి రకం. చిటుక రోగం ముఖ్యంగా దీని పనే. ఎప్సిలాన్‌తోపాటు బీటా విషం కూడా ఉంటే బి రకం, ఇది పుట్టిన కొద్దిరోజుల గొర్రెపిల్లల్లో నెత్తురు పారుడు తెస్తుంది. ఎఫ్ రకం మనుషులకు సంబంధించింది. దావత్‌లో పెద్ద గుండిగలో వండిన మాంసం రాత్రంతా అలాగే ఉంచి పొద్దున తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవడానికి తరచు అదే కారణం. జి రకం కోళ్ల జబ్బుది.

ఈ తేడా ఎలా వస్తుంది? ప్రతి సూక్ష్మక్రిమిలోనూ జన్యువులు ఉంటాయి. ఏ పని చేయాలో చెప్పే ఆదేశాలు అవి. ఆల్ఫా విషపు ఆదేశం ఇంటి గోడలో కట్టిన గూడు లాంటిది, ఇంటితోపాటే ఉంటుంది. ఎప్సిలాన్, బీటా విషాల ఆదేశాలు మాత్రం చంకకు తగిలించుకున్న సంచిలో ఉంటాయి. ఆ సంచిని ప్లాస్మిడ్ అంటారు. సంచి పోగొట్టుకుంటే ఆ సూక్ష్మక్రిమి సాధువైపోతుంది. పక్కనున్న దాని నుంచి సంచి అందుకుంటే నిన్నటి సాధువు నేడు హంతకుడవుతుంది. ఇది ఊహ కాదు. ఎప్సిలాన్ సంచి ఒక సూక్ష్మక్రిమి నుంచి ఇంకొకదానికి చేతులు మారడాన్ని ప్రయోగశాలల్లో చూశారు. ఒకే గొర్రె పేగులో ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ రకాలు కాపురం ఉండవచ్చు. కాబట్టి "మా మందలో ఆ క్రిమి లేదు" అని ఎవరూ గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేరు.

ఈ మాట మేము నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మేత కోసం మందలు ఊళ్లు దాటి తిరగడం మన ప్రాంతంలో తాతల నాటి నుంచి ఉంది. అలా వచ్చిన మంద దిగిన పక్షం రోజులకు ఊళ్లో నాలుగు జీవాలు చచ్చాయనుకోండి, వచ్చినవాళ్లే రోగం తెచ్చారని వాళ్లను కుంట దగ్గరికి రానివ్వరు. 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలై పక్క రాష్ట్రాల గొర్రెలు మన ఊళ్లకు వచ్చాయి. వాటి మీద కూడా ఇలాంటి మాటలే పడ్డాయి. కొత్త మందతో కొత్త రకాలు రావచ్చుననేది నిజమే. అందుకే కొత్తగా కొన్న జీవాలను రెండు మూడు వారాలు విడిగా ఉంచమని చెప్తాము. కాని చిటుక రోగం విషయంలో నేరం వచ్చిన మందది కాదు. చంపే రకం మీ దొడ్డిలో ముందే ఉండి ఉంటుంది, దానికి అదను దొరికింది, అంతే. వలస కాపరిని తరిమినందువల్ల ఒక్క గొర్రె బతకదు. రెండు మందలకూ ఒకే వారంలో టీకా వేయిస్తే బతుకుతాయి.

టీకా అన్నాము కనుక అది చెప్పి ముందుకు పోతాము. చిటుక రోగం టీకా ప్రధానంగా సూక్ష్మక్రిమిని చంపడానికి కాదు, ఎప్సిలాన్ విషాన్ని నెత్తురులోనే పట్టి నిర్వీర్యం చేయడానికి. హైదరాబాదులోని పశువైద్య జీవ పరిశోధన సంస్థ ఈ టీకాను తయారు చేస్తుంది. వానలు మొదలు కాకముందే, అంటే మే నెలలోనో జూన్ మొదట్లోనో వేయించాలి. మొదటిసారి వేయించే జీవానికి రెండు మూడు వారాల తరువాత రెండో మోతాదు తప్పదు. పిల్లలకు మూడు నాలుగు నెలల వయసులో మొదలుపెట్టాలి. ఆపైన ఏడాదికోసారి. చాలామంది మొదటి మోతాదు వేయించి రెండోది మరిచిపోతారు, తరువాత గొర్రె చస్తే టీకా పనిచేయలేదంటారు. సగం కట్టిన చెరువు గట్టు నీళ్లు ఆపలేదని నిందించినట్టు ఉంటుంది ఇది. టీకాతోపాటు మేత కూడా చూడాలి. ఆకలిగొన్న మందను పొద్దున్నే లేత పచ్చికలోకో, గింజ రాలిన చేలోకో వదలకూడదు. ముందు కొంత ఎండు మేత వేసి, మొదటి రోజుల్లో కొద్దిసేపే మేపి, వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి.

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాము. ఇక్కడ ఇంకొక ఇంటిపేరు ఉంది, ఇ. కోలి. 1885లో ఎషరిక్ అనే జర్మన్ వైద్యుడు పసిపిల్లల మలంలో దీన్ని కనుగొన్నాడు. మనుషుల్లో, బర్రెల్లో, ఆవుల్లో, గొర్రెల్లో అన్నింటి పేగుల్లో ఇది ఉంటుంది. అత్యధిక భాగం నిరపాయమైనవే. దూడకు పుట్టిన మొదటి రోజుల్లో తెల్ల పారుడు తెచ్చే రకానికి పేగు గోడను పట్టుకునే కొక్కేలు ఉంటాయి. ఆ కొక్కేలకు తగిన పట్టు దూడ పేగులో మొదటి నాలుగైదు రోజులే దొరుకుతుంది. ఆ రోజులు గట్టెక్కించేది జున్నుపాలు. పుట్టిన గంటలోపే తాగించాలి. ఒక రోజు గడిస్తే ఆ పాలలోని రక్షక పదార్థాలను దూడ పేగు నెత్తురులోకి తీసుకోలేదు. తొలి జున్నుపాలు ఇంట్లో జున్నుకే పోయి దూడకు మిగలని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు మమ్మల్ని క్షమించాలి, ఆ జున్ను ఖరీదు ఒక దూడ.

ఇ. కోలిలోనే మరో రకం ఉంది, పశువును ఏమీ చేయదు, మనిషిని చంపుతుంది. షిగా అనే విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం పట్టుకోవడానికి కావలసిన చోటు పశువు పేగు రక్తనాళాల్లో లేదు, కాబట్టి ఆవు హాయిగా మేస్తూ, పాలిస్తూ, పెండతోపాటు దాన్ని విడుస్తూ ఉంటుంది. మనిషి కడుపులో పడితే నెత్తురు విరేచనాలు, చిన్నపిల్లల్లోనైతే మూత్రపిండాలు దెబ్బతినడం. ఈ రకాల్లో పేరుమోసినది ఒ157. 1982లో అమెరికాలో సరిగా ఉడకని మాంసం తిన్నవాళ్లలో దాన్ని మొదట గుర్తించారు. మన దేశంలోనూ షిగా విషం చేసే ఇ. కోలి రకాలను పశువుల పెండలో శాస్త్రజ్ఞులు గుర్తించారు.

దీనికి ఒక ఊరి కథ చెప్పాలి. కెనడా దేశంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం, జనాభా సుమారు 5,000. 2000 సంవత్సరం మే నెలలో అక్కడ పెద్ద వానలు పడ్డాయి. మంచినీళ్ల బావికి దగ్గర్లో పశువులున్న ఒక పొలం ఉంది. వాన నీరు ఆ పెండ ఎరువు మీదుగా భూమిలోకి దిగి బావిలో చేరింది. నీళ్లలో క్లోరిన్ సరిపడా కలపలేదు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, 7గురు చనిపోయారు. ఆ పొలంలోని పశువుల పెండలో దొరికిన ఒ157, రోగుల దగ్గర దొరికిన ఒ157 ఒకటేనా అని జన్యు పరీక్ష చేస్తే సరిపోలాయి. ఉత్త ఇ. కోలి అని రాసి ఊరుకుంటే ఏ పొలం, ఏ బావి అన్నది తేలేది కాదు, అది అన్ని పెండల్లోనూ ఉండేదే కదా. రకం తేల్చారు కనుకనే దారి తెలిసింది. ఆ తరువాత జరిగిన విచారణలో ఆ పొలం యజమాని పద్ధతి ప్రకారమే నడుచుకున్నాడని, ఆయన తప్పు లేదని తేల్చారు. మంచి రైతు దొడ్డి నుంచి కూడా ఇది పోగలదు. మన ఊళ్లలో పెంటకుప్పకూ చేతిపంపుకూ ఎన్ని అడుగుల దూరం ఉందో ఇంటికి పోయి ఒకసారి చూడండి. వాన నీరు వాలు ఎటు ఉందో కూడా చూడండి.

పాల క్యాను కూడా ఒక బావి లాంటిదే. ఇరవై ఇళ్ల పాలు అందులో కలుస్తాయి. పొదుగు కడగకుండా పితికిన ఒక్క చెంబులో తోకతో ఎగిరిన పెండ నలుసు పడితే, దానిలో ఉన్న రకం ఇరవై ఇళ్ల పాలలోకి వస్తుంది. వెచ్చని పాలలో పరిస్థితి అనుకూలిస్తే ఇ. కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్కటి 4 గంటల్లో 4,096. శుభ్రంగా పితికిన వాళ్ల కష్టం పితకని వాళ్ల చేతిలో ఉంటుందన్నమాట. పొదుగును నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవడం, మొదటి నాలుగు ధారలు వేరే పాత్రలో తీసి పారబోయడం, మూతి చిన్నదిగా ఉన్న స్టీలు పాత్ర వాడడం, పితికిన పాలను ఎండలో నిలపకుండా వెంటనే కేంద్రానికి తేవడం మీకు కొత్త మాటలు కావు. చల్లబరిచే యూనిట్‌లో 4 డిగ్రీలకు దిగాక పెరుగుదల దాదాపు ఆగుతుంది గాని, అంతకుముందు పెరిగినవి ఎక్కడికీ పోవు. డెయిరీలో 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తే ఇ. కోలి చస్తుంది. ఇంట్లోనైతే పొంగేదాకా కాచడం చాలు. పితికిన పాలు పచ్చివే బలమని పిల్లలకు తాగించడం మాత్రం మానాలి. ఈ విషయంలో పెద్దలతో వాదించడం కష్టమని మాకు తెలుసు. అయినా వాదించండి.

మందుల మాట చెప్పకపోతే ఈ ప్రసంగం కుంటిదవుతుంది. పశువు పారుకోగానే దుకాణంలో దొరికిన యాంటీబయాటిక్ బిళ్లలు రెండు రోజులు వేసి, కాస్త తగ్గగానే మిగిలినవి చూరులో దాచి, మరోసారి మరో పశువుకు వేయడం మనకు అలవాటయింది. మందు పడినప్పుడు చచ్చేవి మందుకు లొంగే రకాలు. లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. లొంగకుండా చేసే ఆదేశం కూడా చాలాసార్లు సంచిలోనే ఉంటుంది, చేతులు మారుతుంది. మనుషులకు చివరి ఆశగా వాడే కొలిస్టిన్ అనే మందును తట్టుకునే జన్యువు అలాంటి సంచిలో ఉన్నట్లు 2015లో చైనాలో పందుల ఇ. కోలిలో కనిపించింది, అక్కడి రోగుల్లోనూ కనిపించింది. 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహారానికి పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. దూడల పారుడు చాలావరకు నీరు, ఉప్పు తగ్గిపోవడం వల్ల చంపుతుంది. ముందు ఉప్పు, గ్లూకోజు కలిపిన కాచి చల్లార్చిన నీళ్లు తాగించండి, ఆ తరువాత డాక్టరు గారు ఏ మందు అంటే ఆ మందు, చెప్పినన్ని రోజులు. సూది వేసిన పశువు పాలను ఆయన చెప్పిన గడువు దాటేదాకా కేంద్రానికి పోయకండి. అటువంటి పాలు సరిగా తోడుకోవని ఇంట్లో ఆడవాళ్లకు మనకంటే ముందే తెలుసు.

చివరిగా నమూనాల సంగతి. రకం తెలియాలంటే ప్రయోగశాలకు సరైన నమూనా చేరాలి. జీవి హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచి గాని మలద్వారం నుంచి గాని గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంటే అది దొమ్మ రోగం కావచ్చు. దాన్ని కొయ్యకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. డాక్టరు గారికి కబురు చేయాలి. ఆ అనుమానం లేదని ఆయన చెప్పాక, చచ్చిన కొద్ది గంటల్లోనే కోయించాలి. ఆలస్యమయితే మూత్రపిండం తనంతటతానే మెత్తబడుతుంది, చిటుక రోగం వల్ల మెత్తబడిందా, కుళ్లి మెత్తబడిందా చెప్పలేరు. చిన్నపేగు ముక్కను రెండు కొసలా దారంతో కట్టి, లోపలి పదార్థంతో సహా మంచుగడ్డల మధ్య పెట్టి అదే రోజు పంపాలి. ఏ ఊరు, ఎంత వయసు, ఏ చేలో మేసింది, ఎప్పుడు ఏ టీకా వేశారు అన్నది చీటీ మీద రాసి జత చేయాలి. ఆ చీటీ లేకుండా వచ్చిన పేగు ముక్క ప్రయోగశాలలో చిరునామా లేని ఉత్తరం లాంటిది. థర్మోకోల్ పెట్టె ఒకటి, దారం, చీటీల పుస్తకం మీ సంఘం కార్యాలయంలో వానలకు ముందే కొని ఉంచండి. ఖర్చు ఒక గొర్రెపిల్ల ధరలో పదో వంతు కూడా కాదు.

మీ అనుమానాలు ఇప్పుడు అడగవచ్చు. టీకా తేదీలు రాసుకోదలచినవారు ముందు సంఘం కార్యదర్శి గారి దగ్గర తమ జీవాల సంఖ్య చెప్పండి.